రక్తం ఇచ్చినవారికి రిపోర్టు చేరిందా: ఆరోగ్య పరిశోధనలో ఆఫీసు ఉద్యోగం గురించి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఎం.కామ్. చదివి, తణుకు దగ్గర ఒక రైసు మిల్లులో మూడేళ్లు లెక్కలు రాశారు. ఒక విశ్వవిద్యాలయం మన డెల్టా పల్లెల్లో రక్తపోటు, మధుమేహం మీద చేస్తున్న పరిశోధనలో అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంటుగా మూడేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. వైద్యం తెలియని మీరు అక్కడ చేయాల్సిన పని ఏమిటి, అది ఎదుగూ బొదుగూ ఉన్న ఉద్యోగమేనా అని మీ సందేహం. నేను ఇలాంటి ప్రాజెక్టు ఆఫీసుల్లో 19 ఏళ్లు పనిచేశాను, కాకినాడ, భీమవరం, అమలాపురం మధ్య తిరుగుతూ. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

వైద్యం తెలియకపోవడం లోటేమీ కాదు. డాక్టర్లు, గణాంక నిపుణులు ప్రాజెక్టులో వేరే ఉంటారు. వాళ్లకు చేతకానిది బిల్లు పెట్టడం, ఫైలు కదపడం. మిల్లు లెక్కలు రాసిన చేయి మీకు పనికొస్తుంది. అయితే అక్కడ ఒక చీటీ పోతే ఒక బస్తా ధర పోతుంది. ఇక్కడ ఒక సంతకం కాగితం పోతే, ఆ మనిషి రక్తం ఇచ్చి గంటసేపు ప్రశ్నలకు జవాబులు చెప్పి ఉన్నా సరే, ఆ సమాచారాన్ని వాడుకునే వీలుండదు.

నియామక పత్రంలో ఫైళ్ల నిర్వహణ, ఉత్తర ప్రత్యుత్తరాలు, బిల్లుల తయారీ అని నాలుగు ముక్కలు ఉంటాయి. అసలు పరిస్థితి వేరు. డబ్బిచ్చే సంస్థ ఢిల్లీలో ఉంటుంది, దానికి లెక్క కావాలి. విశ్వవిద్యాలయం ఫైనాన్స్ విభాగానికి నిబంధన కావాలి. ఊళ్లో రక్తం ఇచ్చిన మనిషికి తన రిపోర్టు కావాలి. మొదటి ఇద్దరూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి గుర్తుచేస్తూ ఉంటారు. మూడో మనిషి ఉత్తరం రాయడు. అందుకే అతని పని ఎప్పుడూ వెనకబడుతుంది. దాన్ని వెనకబడనివ్వకుండా చూడడమే మీ ఉద్యోగం అని నా అభిప్రాయం. మీ పై అధికారి అభిప్రాయం వేరుగా ఉండవచ్చు.

డెల్టాకు ఇలాంటి సర్వేలు కొత్త కాదు. బోదకాలు మన రెండు గోదావరి జిల్లాల పాత జబ్బు. జాతీయ నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. ఆ జబ్బు తెచ్చే క్రిమి పిల్లలు ఎక్కువగా రాత్రివేళే వేలికొన రక్తంలో దొరుకుతాయి కాబట్టి, సర్వే బృందం ఊళ్లోకి రాత్రి వెళ్లాలి. నేను మొదట చేరింది అలాంటి పనిలోనే. వైద్యుల దృష్టిలో అది గాజు పలక మీద ఒక చుక్క రక్తం. ఆఫీసు దృష్టిలో మాత్రం టార్చిలైట్లు, బ్యాటరీలు, రాత్రి భత్యం, బృందంలోని ఆడపిల్లలను ఇంటి గుమ్మం వరకు దింపే వాహనం, పోలీసు స్టేషన్‌కు ముందస్తు సమాచారం. వాహనం బిల్లులో "రాత్రి 11.40" అని ఉన్నందుకు ఆడిటరు అభ్యంతరం రాశారు. పురుగుకు ఆఫీసు వేళలు వర్తించవని నోట్ ఫైలులో మర్యాదగా రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ తరువాతి కథ మీ ప్రాజెక్టుకు దగ్గర. 2003–04 ప్రాంతంలో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేసి, ఇంటివాళ్లను అడిగి కారణం నిర్ధారించారు. 1,354 మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. పల్లెటూళ్లలో జ్వరాలు, విరేచనాలే మనుషులను తీసుకుపోతాయన్న పాత నమ్మకం దానితో బాగా సడలింది. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి, ప్రపంచమంతా ఉదహరించింది. నాకు మాత్రం ఆ లెక్క చూసినప్పుడల్లా 1,354 ఫారాల కట్టలే గుర్తొస్తాయి. ఏ ఊరి ఫారం ఏ సంచిలో వచ్చింది, ఏది డాక్టరు దగ్గర ఉంది, ఏది ఇంకా రాలేదు అని ఎవరో ఒక రిజిస్టరు పెట్టి ఉంటారు. ఆ రిజిస్టరు పెట్టిన వాళ్ల పేరు వ్యాసంలో ఉండదు. మీ పేరూ ఉండదు, ముందే చెబుతున్నాను.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు ఎథిక్స్ కమిటీ, అంటే పాల్గొనేవారికి హాని, అన్యాయం జరగకుండా పరిశోధనను ముందే పరిశీలించి అనుమతి ఇచ్చే సంఘం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం దానిలో 7 నుంచి 15 మంది ఉంటారు, అధ్యక్షులు బయటి వ్యక్తి అయి ఉండాలి, కనీసం ఐదుగురు లేనిదే సమావేశం చెల్లదు. న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా సభ్యులే. పత్రాలు ముందుగా చేరకపోతే మీ అంశం తరువాతి సమావేశానికి పోతుంది, అది రెండు నెలల తరువాత ఉండవచ్చు. అనుమతి వచ్చాక పని అయిపోయిందనుకోకండి. ఏటా సమీక్షకు నివేదిక పంపాలి, ప్రశ్నావళిలో ఒక్క ప్రశ్న మార్చినా మళ్లీ అడగాలి. ఈ తేదీలు ప్రధాన పరిశోధకుడికి గుర్తుండవు. ఆయనకు తరగతులు, ఓపీ, పరీక్షల డ్యూటీ ఉంటాయి. గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయాల్సింది మీరే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ప్రాజెక్టులో, మిగిలిన రక్తాన్ని భవిష్యత్తు పరీక్షల కోసం దాచుకోవడానికి అవునో కాదో విడిగా అడగండి అని కమిటీ చెప్పింది. పాల్గొనేవారు సంతకం పెట్టే సమ్మతి పత్రం మార్చాం, కొత్తదానికి ఆమోదం వచ్చింది. కానీ పాతవి నాలుగు వందలు అప్పటికే అచ్చు వేయించి ఉన్నాను. పారేయడానికి మనసొప్పక బీరువా కింది అరలో పెట్టాను. ఒక తెల్లవారుజామున నేను రాకముందే బృందం బయలుదేరుతూ ఆ కట్ట తీసుకెళ్లింది. 58 మంది పాత కాగితం మీద సంతకం పెట్టారు. కమిటీకి తప్పు ఒప్పుకుంటూ లేఖ రాశాం, ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లాం. ఇద్దరు అప్పటికే కువైట్ వెళ్లిపోయారు. ఒక ముసలమ్మ ఇంకు ప్యాడ్ చూసి చేయి వెనక్కి లాక్కుంది. "మొన్న వేయించుకున్నారు కదా బాబూ, మళ్లీ ఎందుకు? మా చెక్క రాయించుకుంటున్నారా?" అంది. ఆమెకున్నది అర ఎకరం. వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న వాళ్లను ఆమె చూసి ఉంటుంది. మా కాగితానికీ ఆ కాగితానికీ తేడా ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చున్నాం. ఆమె వేలిముద్ర వేయలేదు. వేయకపోవడం ఆమె హక్కు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. కొత్త పత్రానికి ఆమోదం వచ్చిన రోజే పాతవాటిలో ఒకటి ఫైలులో పెట్టి, మిగిలినవన్నీ అడ్డంగా చింపేస్తాను. కొత్తది వేరే రంగు కాగితం మీద అచ్చు వేయిస్తాను. మొదటిది తెలుపు, రెండోది లేత పసుపు, మూడోది లేత నీలం. అడుగున వెర్షన్ సంఖ్య, తేదీ తెలుగులోనే ఉండాలి. మరో మాట. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగును మెయిల్‌లో పంపితే, కమిటీ వాళ్ల కంప్యూటర్లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో టైపు చేయడం నేర్చుకోండి. ఈ ఒక్క విద్యతో ఆఫీసులో మీ విలువ పెరుగుతుంది. చదువు రాని వారి వేలిముద్ర పక్కన బృందానికి సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. సంచిలో ఇంకు ప్యాడ్‌తో పాటు వేలు తుడుచుకోవడానికి తడి గుడ్డ కూడా పెట్టించండి. నీలి వేలితో అన్నం కలుపుకోవాల్సి వచ్చిన మనిషి మళ్లీ తలుపు తీయడు.

డబ్బు సంగతి. మీకు ఇష్టమైన విషయమే, ఇక్కడ తలప్రాణం తోకకు తెచ్చేదీ ఇదే. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కితే టికెట్టు ఇస్తారు. గోదావరి మధ్య దిబ్బ మీదుండే లంక గ్రామానికి చిన్న పడవలో వెళితే ఏమిస్తారు? పడవ నడిపే ఆయనకు బిల్లు పుస్తకం ఉండదు. మైకు కట్టుకుని ఊళ్లో చాటింపు వేసిన కుర్రవాడికీ ఉండదు, సర్వే రోజు ఇరవై మందికి టీ పంపిన పాక హోటలుకూ ఉండదు. బిల్లు లేనిదే పైసా ఇవ్వమని ఫైనాన్స్ విభాగం అంటుంది, వాళ్ల నిబంధన ప్రకారం అది సరైనదే. అందుకని మొదటి పర్యటనకు ముందే ఒక నోట్ పెట్టండి. పడవ, చాటింపు, టీ వంటి ఖర్చులకు ఇంత మొత్తం వరకు మన వోచరు మీద పుచ్చుకున్నవారి సంతకం, బృందం నాయకుడి ధ్రువీకరణ ఉంటే చాలని రాతపూర్వకంగా ఆమోదం తీసుకోండి. ఖర్చయ్యాక అడిగితే అది తప్పును కప్పిపుచ్చుకున్నట్టు కనిపిస్తుంది. ఈ నోట్ లేని ప్రాజెక్టుల్లో ఫీల్డు పిల్లలు జేబులోంచి పెట్టుకుంటారు, మూడు నెలలకు మానేస్తారు.

పాల్గొన్నవారికి పోయిన కూలి, ప్రయాణ ఖర్చు ఇవ్వవచ్చు. ఎంత అన్నది కమిటీ ముందే ఆమోదించి ఉండాలి. ఎక్కువైతే ఆశ చూపినట్టవుతుంది, తక్కువైతే పూట కూలి పోయిన మనిషికి అన్యాయం. బ్యాంకుకు పంపేటప్పుడు చిక్కు వస్తుంది. మన ఊళ్లలో సత్యవతులు, సత్యనారాయణలు ఎంతమందో మీకు తెలుసు, అన్నవరం దగ్గరే కదా. ఒకే ఇంటిపేరుతో ఒకే వీధిలో ముగ్గురు సత్యవతులు ఉండగా ఒకరి డబ్బు ఇంకొకరికి వేశాను. అందుకే భర్త పేరో తండ్రి పేరో, ఇంటి నంబరు, ఫోను చివరి నాలుగు అంకెలు కలిపి చూడాలి. పైగా 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. డెల్టాలో సగం ఇళ్లలో ఆ పాత పాస్‌బుక్కే బీరువాలో ఉంటుంది, జిరాక్సు అడిగితే అదే ఇస్తారు. ఆ కోడ్ చూడకుండా మేం జాబితా పంపితే చెల్లింపులు వెనక్కి వచ్చాయి. ఊళ్లో మాత్రం "యూనివర్సిటీ వాళ్లు డబ్బు ఎగ్గొట్టారు" అన్న మాట నిలిచింది. ఆ ఊళ్లో రెండో విడతకు మా బృందానికి కుర్చీ వేసినవాళ్లు లేరు.

గ్రాంటు విడతలుగా వస్తుంది. వినియోగ ధ్రువపత్రం, మన భాషలో యూసీ, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో పంపనిదే తరువాతి విడత రాదు. మార్చి 31 నాటి లెక్క ఏప్రిల్‌లో మొదలుపెడితే సంతకాలు జూన్‌కు పూర్తవుతాయి, ఈలోగా ఫీల్డు సిబ్బందికి జీతాలు ఆగుతాయి. నేను సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడతాను. అడ్వాన్సులన్నీ ఫిబ్రవరిలోగా సెటిల్ చేయించి, ఏ పద్దులో ఎంత మిగిలిందో ప్రధాన పరిశోధకుడికి ఒక పేజీలో రాసి ఇస్తాను. జీతాల పద్దులో మిగిలినది ప్రయాణాలకు వాడేయవచ్చు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పద్దు మార్చడానికి డబ్బిచ్చిన సంస్థ అనుమతి కావాలి. విదేశీ సంస్థ భాగస్వామి అయితే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం అదనం. ఆ డబ్బు స్వచ్ఛంద సంస్థ ద్వారా వస్తుంటే విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అదీ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు క్యాలెండరు. ఢిల్లీలో తయారైన ప్రణాళికలో జూలై, ఆగస్టు నెలల్లో సర్వే అని రాసి ఉంటుంది. ఆ రెండు నెలల్లో మన దగ్గర సార్వా, అంటే వానాకాలపు వరి, ఊడ్పులు. ఆడవాళ్లు తెల్లవారకముందే చేలోకి వెళ్తారు. సరిగ్గా అప్పుడే వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నేను వరద రోజుల్లో ఉదయం లేవగానే ఆ అంకె చూసి ఆ రోజు లంకలకు బృందాన్ని పంపాలా వద్దా నిర్ణయిస్తాను. మొదటి హెచ్చరిక వస్తే పంపను, ఎవరు ఎంత చెప్పినా సరే. నవంబరులో కోతలు, డిసెంబరు చివర రెండో పంట దాళ్వా పనులు. సంక్రాంతి మూడు రోజులూ, కోనసీమలో అయితే జగ్గన్నతోట ప్రభల తీర్థం అయ్యేదాకా, రక్తపోటు యంత్రం తీయడం దండగ. పందెం బరి దగ్గరి నుంచి వచ్చినవాడి రక్తపోటు కొలిచి ఏం చేస్తాం? మాఘమాసంలో అంతర్వేది తీర్థం ఉంది. ఇవన్నీ తీసేస్తే ఏడాదిలో మిగిలేది తక్కువే. ఆ లెక్క చేసి మొదటి సమావేశంలోనే పెట్టండి. పెద్దవాళ్లు మొదట విసుక్కుంటారు, తరువాత మీ క్యాలెండరునే నివేదికలో పెట్టుకుంటారు.

అనుమతి లేఖల్లో ఒక మెలిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు కాకినాడలో ఒక్క జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి లేఖ ఇస్తే తూర్పు గోదావరి అంతా చెల్లేది. ఆ రోజు నుంచి డెల్టా వైపే కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం మూడు ఆఫీసులు. పాత లేఖ పట్టుకుని వెళ్లిన మా వాళ్లను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గుమ్మం దగ్గరే ఆపారు. మీ ఊళ్ల జాబితా పక్కన ఇప్పటి జిల్లా, మండలం, ఆరోగ్య కేంద్రం, గ్రామ సచివాలయం రాసిన పట్టిక ఒకటి తయారు చేసుకోండి. ప్రతి లేఖకూ అవుట్‌వార్డు నంబరు వేసి, అవతల ముద్ర వేయించిన నకలు తెచ్చుకోండి. మెయిల్ పంపాం కదా అనుకుంటే కుదరదు.

నమూనాల సామాను గురించి ఎక్కువ చెప్పను, ల్యాబు వాళ్లు నేర్పుతారు. బూడిద రంగు మూత గొట్టం చక్కెర పరీక్షకు, ఊదా మూతది మూడు నెలల చక్కెర సగటు పరీక్షకు. రెండిటి గడువు తేదీలూ స్టాక్ రిజిస్టరులో ఉండాలి. సూదులు ఎవరు తీసుకెళ్లి నాశనం చేస్తారన్న ఒప్పందం సర్వేకు ముందే కావాలి. పరగడుపు రక్తం కావాలంటే ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్తకు ఫోను చేయండి. "రేపు పొద్దున్న టీ కూడా వద్దు" అనే మాట ఆమె నోట వెళ్తేనే వింటారు.

సమాచార పత్రం చివర సందేహాలకు అని ఒక ఫోను నంబరు ఉంటుంది. కాగితం మీద అది ప్రధాన పరిశోధకుడిదైనా మోగేది మీ బల్ల మీదే. రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయన నాకు తొమ్మిదిసార్లు చేశారు. దింపు కార్మికుడు, కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి. "బాబూ, మా రక్తం పట్టుకెళ్లి నలభై రోజులైంది. కాగితం రాలేదు. చెట్టెక్కమంటారా, మానమంటారా?" ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న, ప్రతిసారీ అదే. ల్యాబు రిపోర్టులు వచ్చి మా దగ్గరే ఉన్నాయి. కవర్ల మీద చిరునామాలు రాయలేదు. స్టాంపుల బిల్లు శాంక్షను కాలేదు. అంతే కారణం. ఆ సాయంత్రం అటెండరూ నేనూ కూర్చుని కవర్లన్నీ రాశాం, స్టాంపులు నా డబ్బుతో కొన్నాను. ఆయనకు చక్కెర చాలా ఎక్కువ ఉంది. మా డాక్టరమ్మ ఫోనులోనే మాట్లాడి మర్నాడు ఆరోగ్య కేంద్రానికి పంపారు. ఇలాంటి ఫలితం నలభై రోజులు మా బల్ల మీద పడి ఉంది. అప్పటి నుంచి రిపోర్టుల పంపిణీకి విడిగా రిజిస్టరు పెట్టాను. రక్తం తీసిన తేదీ, ల్యాబు ఇచ్చిన తేదీ, ఇంటికి చేరిన తేదీ, తీసుకున్నవారి సంతకం. హద్దు దాటిన ఫలితమైతే అదే రోజు డాక్టరుకు ఫోను. బడ్జెట్‌లో తపాలా ఖర్చు అని ఒక గీత లేకపోతే ప్రతిపాదన దశలోనే పెట్టించండి.

ఆ రిజిస్టరును ఎవరికీ చూపకండి. సర్పంచ్ గారు మంచి మనసుతోనే "మా ఊళ్లో షుగరు ఎవరెవరికి ఉందో జాబితా ఇవ్వండి, శిబిరం పెడతాం" అంటారు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు ఇంకో మాటగా అడుగుతారు. మొత్తం ఎంతమందో చెప్పవచ్చు, పేర్లు చెప్పకూడదు. పేర్లకు బదులు కోడ్ నంబర్లు వాడండి. ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితాను వేరే బీరువాలో తాళం వేసి ఉంచండి. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపడం ఇప్పుడు అందరికీ అలవాటైంది, మీ బల్ల దగ్గర మాత్రం అది ఆపండి.

జీతం, భవిష్యత్తు. నిజం చెప్పాలంటే గొప్పగా ఉండదు. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. నా 19 ఏళ్లలో రెండుసార్లు నాలుగేసి నెలలు ఖాళీగా ఉన్నాను. ఒకసారి మా బావమరిది ఎరువుల కొట్లో లెక్కలు రాశాను. సంతకం పెట్టేముందు కొన్ని అడగండి: పీఎఫ్ ఉందా, గ్రాంటు ఆలస్యమైతే జీతం ఎవరు ఇస్తారు, చిల్లర ఖర్చులకు మీ చేతిలో ఉంచే ఇంప్రెస్టు ఎంత, ప్రధాన పరిశోధకుడు సెలవులో ఉంటే సంతకం ఎవరిది. చివరి ప్రశ్నకు జవాబు లేని చోట చేరకండి, ఆ ఒక్కటి నేను గట్టిగా చెబుతాను. మరోవైపు, గ్రాంటు లెక్క, ఎథిక్స్ ఫైలు రెండూ తెలిసినవాళ్లు మన ప్రాంతంలో తక్కువ. ఒక ప్రాజెక్టు శుభ్రంగా ముగించి ఆడిట్ అభ్యంతరం లేకుండా బయటపడితే, తరువాతి ప్రాజెక్టు వాళ్లే వెతుక్కుంటూ ఫోను చేస్తారు. నాకు అలాగే వచ్చాయి. మిల్లులో మీకు స్థిరత్వం ఉంటే, ఇంట్లో మీ జీతమే ఆధారమైతే, తొందరపడకండి. అలా కాకపోతే చేరండి.

చేరితే మొదటి నెలలోనే ఒక రోజు బృందంతో ఊరికి వెళ్లండి, ఆఫీసు బల్ల దగ్గరే ఉండమన్నా పట్టుబట్టి వెళ్లండి. పడవ వోచరు మీద సంతకం పెట్టే మనిషిని ఒకసారి చూస్తే వోచరు ఆపబుద్ధి కాదు. నరసాపురం రేవు నుంచి అవతలికి వెళ్లేటట్టయితే చివరి పంటు ఎన్ని గంటలకో ముందే కనుక్కోండి. నేను మొదటిసారి కనుక్కోలేదు. ఐస్ పెట్టెలో నమూనాలతో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి ల్యాబుకు చేరేసరికి తలుపులు మూస్తున్నారు.